ఇంటి ఖర్చు, సర్కారు సాయం
(మెట్టుగూడ యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. నేను బియ్యం గురించి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. హాస్టల్ వార్డెన్‌ని కదా, పొద్దున లేస్తే మొదట గుర్తొచ్చేది స్టోర్ రూం తాళమే.

పోయిన ఏడాది మా హాస్టల్లో డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి బ్యాగు సర్దుకుని నా గదికొచ్చింది. "మేడం, చదువు బంద్ చేస్తున్న. బట్టల షాపులో పని చూసుకున్న" అంది. వాళ్ల అమ్మానాన్నలు దేవరకొండ దిక్కు తండా నుంచి వచ్చి ఇక్కడే ఒక గల్లీలో ఒంటిగది కిరాయికి తీసుకున్నారు. తండ్రిది సెంట్రింగ్ పని, తల్లి అపార్టుమెంట్లలో అంట్లు తోముతుంది.

నేను ఓదార్చలేదు. చేతికి పెన్ను ఇచ్చి ఇంటి ఖర్చు రాయమన్నాను. కిరాయి, కరెంటు, గ్యాస్, తమ్ముడి ఫీజు, మందులు. చివర "తండాకు రానుపోను" అని రాసింది. నెలనెలా ఎందుకని అడిగితే, "రేషన్ బియ్యానికి మేడం. నాయన పోయి తెస్తడు" అంది. రెండు రోజుల కూలీ పోతుంది, బస్సు చార్జీ అదనం.

మన రాష్ట్రంలో కార్డు ఏ ఊరిదైనా సరే, ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఇది ఈ మధ్య వచ్చింది కాదు, ఏళ్లుగా ఉంది. ఆ పిల్ల ఫోన్లో సినిమా టికెట్టు నిమిషంలో తీస్తుంది, ఈ సంగతి మాత్రం తెలియదు. తండ్రికి ఎవరూ చెప్పలేదు. ఆమెనేమనను? రెండేళ్లుగా రోజూ చూస్తున్న పిల్లను, మీ ఇంట్లో బియ్యం ఎట్లా వస్తాయని నేనూ ఒక్కనాడు అడగలేదు.

2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంతకుముందు దొడ్డుబియ్యం వచ్చేవి, తినలేక చాలామంది అమ్ముకునేవారు. ఇప్పుడు నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అదీ వండుకుని తినే బియ్యం. అయితే కార్డులో పేరుంటేనే. ఆ ఇంట్లో తమ్ముడి పేరు ఎక్కలేదు. చాలా ఏళ్లు కొత్త పేర్లు ఎక్కక ఆగిపోయాయి, 2025లో మళ్లీ మొదలయ్యాయి. మీసేవలో దరఖాస్తు పెట్టించాం. ఇంట్లో ప్రతి ఒక్కరూ షాపుకెళ్లి ఈకేవైసీ చేయించుకోవాలి, అది మరిచిపోవద్దు.

కరెంటు దగ్గర మాత్రం ఓడిపోయాం. గృహజ్యోతిలో 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. కిరాయిదారులకూ వర్తిస్తుంది. కానీ ఆ ఇంట్లో మూడు పోర్షన్లకు ఒకటే మీటరు. విడివిడిగా చూస్తే ఎవరూ 70, 80 దాటరు, కలిపితే 200 దాటిపోతుంది. ఇంటి ఓనరు యూనిట్‌కు తనకు తోచిన రేటు వసూలు చేస్తాడు. వేరే మీటరు అడిగితే గది ఖాళీ చేయమంటాడని ఆ తల్లి భయం. గది చూసుకునేటప్పుడే మీటరు సంగతి అడగండి, నీళ్ల సంగతి అడిగినట్టు.

గ్యాస్ 500 రూపాయలకే అంటారు కదా, ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏ ఖాతాకు ఆధార్ లింకైందో తెలియక, పడిన డబ్బు కూడా పడలేదనుకునేవాళ్లు మన తండాల్లో ఉన్నారు.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్టు. (పేరు మెట్రో ఎక్స్‌ప్రెస్ అని ఉంది గదా అని ఇక్కడ మెట్టుగూడ మెట్రో రైలెక్కకండి, అక్కడ చెల్లదు!) ఒకరోజు తార్నాకలో బస్సెక్కితే వెనక నుంచి ఒకాయన, "ఫ్రీగాళ్లతోనే సీట్లు దొరకవు" అన్నాడు. నా పక్కనున్న పనిమనిషి తల దించుకుంది. నాకు చాలా బాధేసింది. ఆమె కొనే సబ్బు మీద, నూనె మీద పన్ను కడుతూనే ఉంది. ఆ మాట బస్సులో గట్టిగా అనలేకపోయాను, ఇక్కడ అంటున్నాను.

నాకు ఊహ తెలిసేనాటికి మా తండాకు కిలో 2 రూపాయల బియ్యం వచ్చేవి. 1983లో ఎన్టీఆర్ మొదలుపెట్టిన పథకం అది. మా యాడి ఆ సంచి ఇంట్లో దించిన రోజు నా బడి మానిపించే మాట ఎత్తేది కాదు. ఆ సంచి లేకపోతే నేను టీచర్ ట్రైనింగ్ దాకా వచ్చేదాన్ని కాదు.

మా మెస్ లెక్క కూడా చెబుతాను. ఇంటర్ నుంచి పై చదువుల పిల్లలకు నెలకు 1,500 రూపాయలు ఉండేది, అంటే రోజుకు 50, మూడు పూటలకు. 2024 చివర్లో 2,100 చేశారు, రోజుకు 70. పెంచకముందు ఎవరైనా పప్పు రెండోసారి అడిగితే నాకు సిగ్గనిపించేది. 70 కూడా చాలదు, కూరగాయల ధర వారానికొకటి. కానీ ఇప్పుడు గరిటె కాస్త నిండుగా వేస్తున్నాను.

ఆ అమ్మాయి బ్యాగు విప్పింది. సెలవుల్లో షాపులో పని చేస్తూనే ఉంది, ఎందుకంటే కిరాయిని ఏ పథకమూ తగ్గించలేదు. కూలీ పెరగందే అది తీరదు.

భోజనాలయ్యాక నేను ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాను. మీ ఇంటి రేషన్ కార్డు నంబరు, ఆధార్‌లు తెచ్చుకోండి. తేలేదా, ఇంటికి ఫోన్ చేసి ఫొటో పంపమనండి. ఫోన్ బాగా వచ్చిన నలుగురు నా పక్కన కూర్చోండి, నా కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాను.