ఉప్పును ఆపు పొర, మద్యసారమును ఆపలేదు

జహీరాబాదు ప్రాంతము చెరకు పంటకు పేరుపడినది. పంచదార తీయగా మిగిలిన మొలాసిస్ అను మడ్డిని పులియబెట్టినచో మద్యసారము పుట్టును. ఆ పులిసిన ద్రవములో పొటాషియము మొదలగు లవణములును ఉండును. ఈ రెండును అయాన్ వినిమయపు పొర యొద్దకు వచ్చినప్పుడు ఏమగును?

ఆ పొర చూపునకు పలుచని ప్లాస్టిక్ కాగితము. నీటిలో నాని ఉబ్బును. దానిలో ఋణావేశము స్థిరముగా అంటియున్నచో, ధనావేశము గల పొటాషియమును రానిచ్చి, ఋణావేశము గల క్లోరైడును త్రోసివేయును. జంటలో ఒకటి ఆగిన రెండవది ఒంటరిగా దాటజాలదు. దాటినచో విద్యుత్ సమతూకము చెడును. ఈ నియమమును 1911లో డోనన్ వివరించెను. లవణము మిక్కుటమైనచో ఈ కాపలా సడలును.

మద్యసారమునకు ఆవేశము లేదు. కావున అది పొరలోని నీటిదారుల వెంట, చిక్కని వైపునుండి పలుచని వైపునకు సులువుగా సాగిపోవును.

ధన, ఋణ పొరలను మార్చి మార్చి పేర్చి విద్యుత్తు నడిపినచో లవణములు ప్రక్క గదులకు తరలును. మద్యసారము చాలవరకు ఉన్నచోటనే నిలుచును. ఇదే ఎలక్ట్రోడయాలిసిస్. కదలెడు అయానులు కొంత నీటిని, కొంత మద్యసారమును వెంట లాగుకొనిపోవుటయు కలదు.

ఉప్పుబావుల నీటిని తీపి చేయుటకును ఇదే మార్గము. నల్లగొండ సీమను పీడించిన ఫ్లోరైడు ఆవేశము గలదగుటచే కొంతవరకు తొలగును. ఆవేశము లేని పురుగుమందులు, పొరను దాటలేని క్రిములు మాత్రము ఆ నీటిలోనే మిగులును. ఉప్పదనము పోయినంతమాత్రాన నీరు నిర్మలమని నమ్మరాదు. పరీక్ష చేయించి, క్రిములను నశింపజేసి త్రాగవలెను.