మెదడు కాడ



కోడిని కోయుట చూడనివారు పల్లెలలో అరుదు. తల తెగిన పిమ్మటను మొండెము కొంతసేపు గంతులిడి, రెక్కలు కొట్టుకొని, తుదకు చల్లబడును. ఇది మనమెల్ల రెరిగినదే. కాని 1945వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికా దేశములో, కొలరాడో రాష్ట్రమందలి ఫ్రూటా అను చిన్న యూర, లాయిడ్ ఓల్సెన్ అను రైతు ఒక పుంజు తలను గొడ్డలితో నరికెను. ఆ పుంజు చావలేదు. మరునాడును తిరుగుచునే యుండెను. రైతు ఆశ్చర్యపడి, తెగిన మెడలోని ఆహారనాళమున పాలును నీరును చుక్కలు చుక్కలుగా విడిచి దానిని పెంచెను. అది పదునెనిమిది మాసములు జీవించి, ప్రదర్శనలలో జనులకు వింతయై, 1947లో చచ్చెను.

ఇందు మహిమ యేమియు లేదు. వేటు కొంచెము పైగా పడినందున ఒక చెవియు, మెదడు అడుగున నుండు కాడలో చాలభాగమును మొండెముతోనే మిగిలినవి. ఆ కాడ మిగిలినది గనుక ఊపిరి మిగిలినది. తామరపువ్వునకు తూడెట్లో, మెదడునకు ఆ కాడ అట్టిది. వైద్యులు దీనిని బ్రెయిన్ స్టెమ్ అందురు. నేడు నేను ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

వినోదమునకై యీ కథ నెత్తుకొనలేదు. ఊరిలో పడుచువా డొకడు ద్విచక్రవాహనముపై నుండి పడును. తలకు దెబ్బ తగులును. పట్టణపు ఆసుపత్రిలో రెండుమూడు దినములు యంత్రముపై నుంచి, తరువాత వైద్యులు వచ్చి "మెదడు చనిపోయినది, మనిషి చనిపోయినట్లే" యందురు. తండ్రి చేయి పట్టి చూచును, వెచ్చగా నున్నది. గుండె కొట్టుకొనుచున్నది, రొమ్ము ఎగసి పడుచున్నది. అప్పు డాతడు ఊరిపెద్దలైన మీకు కబురంపును: "వీరు చెప్పుమాట నమ్మవచ్చునా?" అని. ఈ ప్రశ్న నన్నును పలువు రడిగియున్నారు. ఊరక నమ్ముడనుట గాని, నమ్మవలదనుట గాని పెద్దరికము కాదు. లోపలి సంగతి తెలిసికొని చెప్పవలయును.

మనుష్యుని మెదడు ఎదిగిన దేహములో సుమారు 1300 మొదలు 1400 గ్రాములు తూగును. మూడు పొరలు దానిని చుట్టియుండును. ఆ పొరల నడుమ స్వచ్ఛమైన నీరువంటి ద్రవముండి, దెబ్బ తగులనీయక తేల్చుచుండును. దేహపు బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, మనము పీల్చు ప్రాణవాయువులో అయిదవవంతు దీనికే కావలయును. ఇంత తినెడి యవయవము గనుకనే, నెత్తురు నిలిచిన పది క్షణములలో స్మృతి తప్పును. నాలుగైదు నిమిషములలో చెడుట మొదలిడును.

దీని యందలి భాగములు వేరువేరు పనులు చేయునని పందెములు వేసి వాదించుకొను కాలమున, ఫ్రాన్సు దేశపు ఫ్లూరాన్సు అను పండితుడు పావురములపై పరీక్షించి 1824లో తన గ్రంథమును ప్రకటించెను. పై మెదడును, అనగా మస్తిష్కమును తీసివేయగా పావురము చావలేదు. నిలుచుండెను; ఎగురవేసిన నెగిరెను; ముక్కులో గింజ పెట్టిన మ్రింగెను. కాని గింజలరాశి నెదుట పోసినను తనంత తాను తినలేదు. కోరికయు, తెలివియు పోయినవి. వెనుకనుండు చిన్నమెదడును, అనగా అనుమస్తిష్కమును తీయగా, తెలివి యున్నను నడక కుదురలేదు. కల్లు త్రాగినవానివలె తూలెను. ఇక అడుగుకాడలోని యొకచోట గాయపరుపగానే ఊపిరి యాగి ఆ క్షణమే చచ్చెను. ఆ జీవహింస నా మనస్సునకు నచ్చదు. ఐనను అది తెలిపిన సంగతి నేటికిని నిలిచియున్నది.

ఆ కాడ బొటనవ్రేలి లావున, సుమారు మూడంగుళముల పొడవున నుండును. అందు మూడు కణుపులు కలవు. పైది మధ్యమెదడు: వెలుగు పడినపుడు కంటిపాప చిన్నదగుట దీని పని. నడిమిది వంతెనవలె నుండును; పెద్దమెదడునకును చిన్నమెదడునకును రాకపోకలు దీని మీదుగానే. క్రిందిది మజ్జాముఖము, అది పుఱ్ఱె యడుగునగల రంధ్రమునొద్ద వెన్నుపాముతో కలియును. చేతులకును కాళ్లకును పోవు నరములలో మిక్కిలి భాగము ఇచ్చటనే కుడిది యెడమకును, ఎడమది కుడికిని దాటును. అందువలననే తల కెడమవైపున రక్తనాళము మూసికొనిపోయిన, పక్షవాతము కుడిచేతికి వచ్చుచున్నది. మ్రింగుట, దగ్గుట, వాంతియగుట, నెత్తురుపోటు నిలుచుట ఇవన్నియు మజ్జాముఖము పరిపాలనలోనివి. మేల్కొనుట, నిద్రించుట అను వానికి కావలసిన వలవంటి నరముల అల్లిక యొకటి కాడ పొడవునను వ్యాపించియున్నది. అది తెగిన, పైమెదడు చెడకున్నను మేల్కొనజాలదు.

వీనియన్నిటికిని మించినది ఊపిరి. చెరువులో మునిగి ఊపిరి బిగబట్టినవాడు, ఎంత పట్టుదల గలవాడైనను, కొంతసేపటికి పైకి లేచి తీరవలయును. ప్రాణవాయువు తరిగినందుననే లేచునని తలతురు. అంతకంటె ముందు లేపునది నెత్తురులో పెరిగిన బొగ్గుపులుసు వాయువు. అది పెరుగుట మజ్జాముఖము కనిపెట్టి, వెంటనే రొమ్ముకండలకు ఆజ్ఞ పంపును. మన పట్టుదల పైమెదడునది, ఆజ్ఞ కాడది, కాడ మాటయే చెల్లును.

గుండె సంగతి వేరు. దానికి తాళము వేయు చిన్న కండముక్క దాని కుడిగదిలోనే కలదు. కప్పగుండెను వేరుచేసి తగిన ఉప్పునీటిలో నుంచిన, చాలసేపు కొట్టుకొనుచునే యుండును. మెదడు కాడ గుండెను పరుగెత్తించును, కళ్లెము పట్టును. కాని పుట్టించునది కాదు. తండ్రికి కలిగిన సందేహమున కిదియే కీలకము. యంత్రము ఊపిరితిత్తులలోనికి ప్రాణవాయువును నెట్టుచున్నంతవరకు గుండెకు ఆహారము దొరకును. మెదడు లేకున్నను అది కొన్నినాళ్లు కొట్టుకొనును. ఒడలు వెచ్చగా నుండును. ఎగసిపడునది రొమ్మే, కాని ఎత్తుచున్నది యంత్రము.

ఈ చిక్కు మన తాతల కాలమున లేదు. కాడ చెడిన ఊపిరి యాగును. ఊపిరి యాగిన కొలది నిమిషములలో గుండె యాగును. రెండును వేరుపడినది యంత్రము వచ్చిన పిమ్మట. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ నగరమున పోలియో జాడ్యము ప్రబలి, అనేకులకు ఊపిరి నరములనే పట్టుకొనెను. ఇబ్సెన్ అను వైద్యుడు గొంతుకకు రంధ్రము చేసి, గొట్టముంచి, రబ్బరుసంచితో గాలి నొత్తించెను. వైద్యవిద్యార్థులు వందలకొలది వంతులు వేసికొని, పగలును రాత్రియు, వారములకొలది ఆ సంచులను చేతులతో పిసికిరి. చావవలసినవా రెందరో బ్రతికిరి. తరువాత ఆ పని యంత్రములు చేయసాగెను. అట్లు యంత్రములపై నున్నవారిలో కొందరి మెదడు పూర్తిగా చెడిపోయి, తిరిగి రాని స్థితిలో నుండుటను 1959లో పారిసు వైద్యులు మొలారే, గులోన్ అనువారు మొదట వర్ణించిరి.

అట్టి స్థితిని నిర్ణయించుటకు మన దేశమున 1994లో చట్టము వచ్చెను. నలుగురు వైద్యులు చూడవలయును. అవయవములు తీసి యితరులకు పెట్టు వైద్యులు వారిలో నుండరాదు. కంటిపాపపై వెలుగు వేయుదురు. కంటిగ్రుడ్డును దూదితో తాకుదురు. చెవిలో చల్లనినీరు పోయుదురు. గొంతులో గొట్టము కదల్చి దగ్గు వచ్చునేమో చూతురు. ఒక్కొక్కటియు కాడయొక్క యొక్కొక్క కణుపును పిలిచి చూచుటయే. కడపటిది ఊపిరి పరీక్ష. ప్రాణవాయువు సన్నగొట్టమున పోవుచుండగా యంత్రమును విప్పి, కొన్ని నిమిషములు నిలుతురు. బొగ్గుపులుసు వాయువు పెరుగును. చెరువులో మునిగినవానిని లేపినది అదియే గదా! కాడలో నిప్పురవ్వయంత యున్నను రొమ్ము కదలును. కదలనిచో యంత్రమును మరల తగిలింతురు. ఆరు గంటలకు తక్కువ కాకుండ వేచి, పరీక్షలన్నియు తిరిగి చేయుదురు.

ఇచ్చట పల్లెవారు మఱవరాని దొకటి కలదు. కట్లపాము కరచినవాడు రెప్ప యెత్తలేడు, ఊపిరి తీయలేడు. ఒక్కొక్కపుడు కంటిపాప సైతము వెలుగునకు కదలదు. చూచువారికి శవమే. కాని వాని కాడ చెడలేదు. విషము నరమునకును కండకును నడుమ నున్న సందును మూసినది. యంత్రముతో ఊపిరి నిలిపి మందిచ్చిన, కొన్ని దినములలో లేచి కూర్చుండవచ్చును. పురుగులమందును, అధికమైన నిద్రమందును ఇట్లే మోసము చేయగలవు. అట్టివానికి ఆ పరీక్షలు పనికిరావు. కట్లపాము పండుకొన్నవానిని రాత్రి కరచిన, గాటు కానరాకపోవుటయు కలదు. కావున రోగితో పోవువారు, అతడు నేలపై పండెనో, మందు చల్లివచ్చెనో, పరువు పోవునని దాచక మొదటనే వైద్యునితో చెప్పవలయును.

చావు కానిదానిని చావనుటయు తప్పే. పైమెదడు చెడి, కాడ మిగిలినవాడు కన్నులు తెరచును, నిదురించును, తనంత తాను ఊపిరి తీయును, మనలను గుర్తింపడు. వాడు జీవించియున్నవాడే. ఇంకొక స్థితి కలదు, తలచిన గుండె నీరగును. నడిమికణుపు ముందుభాగమున మాత్రమే దెబ్బ తగిలినవానికి తెలివి పూర్తిగా నుండును, వినును, తలచును, కాని నోరు, చేయి, కాలు కదల్పలేడు. ఫ్రాన్సు దేశపు పత్రికా సంపాదకుడు బోబీ యనునతనికి 1995లో ఇట్లే యయ్యెను. ఆయన ఎడమకంటి రెప్ప నొక్కటి యార్పుచు, అక్షరమునకొక సైగగా ఒక పుస్తకమునే చెప్పి వ్రాయించెను. కావున మంచముచెంత, ఈయన కేమియు తెలియదుగదా యని, పొలము పంపకములు మాటలాడుకొనువారు కొంచె మాలోచింపవలయును.

కాడ నిజముగా చనిపోయినవాని చేయి కూడ ఒక్కొక్కపుడు కదలును. అరుదుగా రెండు చేతులు రొమ్ముపైకి లేచుటయు కలదు. తెగిన బల్లితోక తన్నుకొనుట మీ రెరుగుదురు. అది తోక బ్రతుకుట కాదు. వెన్నుపాము తనపాటికి తాను చేయు పని యది. తల్లియైనవారికి ఈ మాట ముందుగానే మెత్తగా చెప్పియుంచుట మేలు. పిమ్మట చెప్పిన నమ్మరు.

పరీక్షలు రెండుసార్లును ముగిసిన తరువాతనే అవయవదానము మాట వచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో జీవన్‌దాన్ అను పేరిట ఆ యేర్పాటు కలదు. ఇంటివా రొప్పుకొననిచో బలవంతము లేదు. ఒప్పుకొన్నచో ధనము పుచ్చుకొనుటయు, ఇచ్చుటయు నేరము. అవయవములు తీసిన పిమ్మట గాయములు కుట్టి, దేహమును కర్మకై యింటివారి కప్పగింతురు. ఏ దినమును మరణదినముగా నెంచవలయునని కొందరు నన్నడిగిరి. వైద్యులు వ్రాయునది రెండవసారి పరీక్ష ముగిసిన వేళ. యంత్రము విప్పిన వేళ గాని, గుండె యాగిన వేళ గాని కాదు. ఆ వేళను కాగితముపై వ్రాయించి తెచ్చుకొనిన, తిథి చూచు పని మీ పురోహితులది.