యంత్రము చెప్పు బదులు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు కంప్యూటరు తరగతి పక్షమున చదివిన ప్రసంగ పాఠము)



మన వార్షిక సంచికలోని కథలను, వ్యాసములను దూరప్రాంతములందున్న పూర్వ విద్యార్థులు తమ ఫోనులలో చదువుకొనునట్లు చేయవలెనని మేము ఈ యేడు సంకల్పించితిమి. అందుకై రస్ట్ అను భాషలో చిన్న సర్వరు నొకదానిని తరగతిలోనే వ్రాసితిమి. మొదటినాడు పుట తెరచి చూడగా కథ పేరు కనబడెను. కథ ఇంచుమించు మూడవ వంతు నడచెను. అంతట నల్లని చతురములో ఒక ప్రశ్నార్థకపు గుర్తు, ఆపైన శూన్యము. ఇంగ్లీషు పుటలు మాత్రము నిండుగా వచ్చెను. మన అక్షరములకే ఈ గతి యేల పట్టెనని పిల్లలు చిన్నబోయిరి. ఆ చిక్కు విడిన తెరగు చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

బ్రౌజరు ఒక పుటను కోరును. సర్వరు బదులు పంపును. ఈ ప్రశ్నోత్తరముల మర్యాదకే హెచ్.టి.టి.పి. అని పేరు. దీనిని స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ రూపొందించెను. 1991 నాటి తొలి రూపమున బదులనగా వట్టి పుట మాత్రమే. కోరినది దొరకకపోయినను ఆ సంగతియు ఒక పుటగానే వచ్చెడిది. చదువు మనిషికే గాని యంత్రమునకు భేదము తెలిసెడిది కాదు. 1996లో ప్రకటితమైన 1.0 పత్రమున బదులు యొక్క నిండు రూపము కానవచ్చును. మొదట స్థితిని తెలుపు పంక్తి: 200 అనిన సరి, 404 అనిన దొరకలేదని అర్థము. పిమ్మట హెడర్లు, అనగా వివరపు పంక్తులు. తరువాత ఒక ఖాళీ పంక్తి. ఆ వెనుక అసలు విషయము. రైలు పార్సెలుకు ముందు చీటీ, వెనుక మూటలు ఉన్నట్లే యనుకొనుడు.

ఈ బదులును వట్టి అక్షరముల దండగా కూర్చి పంపుట సులభమే. పెక్కుమంది అట్లే చేసిరి. అందలి అపాయ మొకటి చెప్పెదము. పుటను కోరినవాని పేరును ఒక హెడరులో చేర్చుచున్నామనుకొనుడు. వాడు తన పేరు నడుమ పంక్తి మార్పు గుర్తులను దూర్చినచో, ఆ తరువాతి భాగము మనము వ్రాయని మరియొక హెడరై కూర్చుండును. మన చేవ్రాలుతో పరుని మాట వెడలును గదా!

రస్ట్ భాష 2006లో గ్రేడన్ హోర్ సొంత యత్నముగా మొదలై, 2015 మే 15న 1.0 రూపము దాల్చినది. యంత్రపు జ్ఞాపకస్థలమును దగ్గరగా ఏలుకొనుచు, అందలి తప్పులను కార్యక్రమము నడువక మునుపే పట్టుకొనుట దీని పద్ధతి. ఈ భాషలో హెచ్.టి.టి.పి. అను పేరు గల లైబ్రరీ యొకటి కలదు. అందులో బదులునకు రెస్పాన్స్ అని ఒక నిశ్చితమైన రూపము. స్థితి సంఖ్య వట్టి అంకె కాదు, అది వేరొక జాతి విలువ. 99నో 1000నో ఇచ్చినచో అది అంగీకరింపదు. (ప్రమాణ పత్రము 599తో ఆగినను ఈ లైబ్రరీ 999 వరకు ఒప్పుకొనును. ఇది కొంత ఉదారమే.) హెడరు విలువలో పంక్తి మార్పు గుర్తు చొరనేరదు. ఇందాక చెప్పిన అపాయము ఆ గడప యొద్దనే ఆగును.

బదులును కట్టుటకు బిల్డరు అను సాధనమున్నది. స్థితి యిది, హెడరు యిది అని ఒకదాని వెంట నొకటి చెప్పుచు పోయి, కడపట విషయమును అప్పగింపవలెను. నడుమ ఎచ్చట తప్పు చేసినను అది అప్పుడే కేకవేయదు. తప్పును దాచియుంచి చివరి మెట్టుననే బయటపెట్టును. మొదట ఇది మాకు వింతగా తోచెను గాని, విచారింపవలసిన చోటు ఒక్కటే యగుటచేత పిల్లలకు తేలికయయ్యెను. మాకు నచ్చని దొకటి కలదు. స్థితిని చెప్ప మరచినచో బిల్డరు 200 అనియే యెంచును. దొరకలేదను పుటకు మేమే ఒకమారు అట్లు ‘సరి’ యని ముద్రవేసి పంపితిమి.

ఇక మా విరిగిన కథకు వత్తము. బదులును ఆ లైబ్రరీతో కూర్చినను, పంపు పనిని మాత్రము మేమే వ్రాసితిమి. హైపర్ అను మరియొక లైబ్రరీకి అప్పగించినచో విషయపు పొడవును అదియే లెక్కించి వ్రాసికొనును. అయినను ప్రతి పంక్తియు పిల్లల కంటబడవలెనని మా చాదస్తము. కంటెంట్-లెంగ్త్ అను హెడరులో విషయపు పొడవు వ్రాయవలెను. దానిని మేము అక్షరముల లెక్కతో వ్రాసితిమి. అడుగవలసినది బైట్ల లెక్క.

‘తెలుగు’ అను మాటను చూడుడు. కంటికి మూడక్షరములు. యూనికోడులో తకారము, ఎత్వము, లకారము, ఉత్వము, గకారము, ఉత్వము, వెరసి ఆరు గుర్తులు. యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్క గుర్తునకు మూడు బైట్లు, వెరసి 18. చీటీలో ఆరని వ్రాసి పంపినచో బ్రౌజరు ఆరు బైట్లు పుచ్చుకొని తలుపు మూయును. దానికి దక్కునది ‘తె’ మాత్రమే. ఒక గుర్తు నడుమ తెగినచోట ఆ నల్లని ప్రశ్నార్థకము వెలయును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్క బైటే గనుక అచ్చట రెండు లెక్కలును ఒక్కటే, తప్పున్నను కానరాదు. లోపము మన లిపిది కాదు, మా లెక్కది. తమిళ, కన్నడ, ఒడియా, దేవనాగరి అక్షరములకును మూడేసి బైట్లే. ఇరుగుపొరుగు బడులవారు ఈ పని చేసినను వారి కథయు ఇట్లే తెగును.

రెస్పాన్స్ రూపము ఇంతటి కాపలాదారు అయ్యును ఈ తప్పును పట్టలేదు. చీటీలోని అంకె అంకెయే. అది మూటలతో సరిపోవునో లేదో ఆ లైబ్రరీ చూడదు. గుర్తులను లెక్కించు పద్ధతిని తీసివేసి, బైట్లను చెప్పు ‘లెన్’ అను దానిని పెట్టితిమి. మార్పు ఒక్క పంక్తి. లిపి యు.టి.ఎఫ్.-8 అని కంటెంట్-టైప్ అను హెడరులో తెలిపితిమి. పుట యే భాషదో తెలుపు హెడరు మరియొకటి కలదని తెలిసి, తెలుగునకు ఏర్పరచిన ‘టి, ఇ’ అను రెండక్షరముల గుర్తును అందులో వ్రాసితిమి. దానిని వ్రాయుటకు తరగతిలో పోటీ పడిరి.

సభ ముగిసిన వెనుక కంప్యూటరు గదిలో రెండు యంత్రములపై ఒకే కథను చూడవచ్చును. ఒకదానిలో పాత లెక్కను అట్లే యుంచితిమి. ఎనిమిదవ తరగతి పిల్లలు ప్రక్కన నిలిచి, కథ యెచ్చట తెగునో ముందే లెక్కగట్టి మీకు చూపెదరు.