గోతి ఏ గదిలో ఉంది మేడమ్?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కోటబొమ్మాళి యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

 

సంఘం వాళ్లు మమ్మల్ని సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. ఆట, పాట, పండుగ గురించి మీకు మేము చెప్పేదేమీ లేదు. అందుకని ఒక ప్రయాణం గురించి, అక్కడ ఒక పిల్ల అడిగిన ప్రశ్న గురించి చెబుతాం.

సెలవుల్లో హాస్టల్ పిల్లల్ని తీసుకుని అరకులోయ గిరిజన మ్యూజియం చూడ్డానికి వెళ్లాం. 1996లో పెట్టిన చిన్న మ్యూజియం అది. బొమ్మలు, నగలు, వంట సామాను, వేట పనిముట్లు చూసి పిల్లలు మురిసిపోయారు. "ఇది మా అవ్వ దగ్గరుంది", "ఇది మా ఇంట్లో అటక మీదుంది" అని ఒకటే గోల. అంతలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి మెల్లగా అడిగింది: "మేడమ్, గోతి ఏ గదిలో ఉంది?"

వాళ్ల ముత్తాత ఎవరికో గోతి ఉండేవాడని ఇంట్లో ఎప్పుడో విన్నదట. గోతి అంటే అదేదో వస్తువనుకుంది.

మాకు వెంటనే జవాబు దొరకలేదు. విల్లుంటే గోడకు తగిలించవచ్చు. కుండ ఉంటే బల్ల మీద పెట్టవచ్చు. గోతికి చూపించడానికి ఏముంది? షావుకారి లెక్క, మనవాడి చాకిరీ. ఆ లెక్క మనవాళ్లు చదవలేరు. ఆ చాకిరీ ఎవరూ రాసిపెట్టలేదు.

తమ్ముళ్లూ, మీలో చాలామందికి ఈ మాట కొత్త కావచ్చు. పెళ్లికో, చావుకో, జరిమానాకో మనిషి కొద్దిపాటి అప్పు చేస్తాడు. అది తీరేదాకా షావుకారి ఇంట్లో, పొలంలో పని చేయాలి. పని వడ్డీకే సరిపోయిందంటారు, అసలు కదలదు. తండ్రి పోతే కొడుకు వస్తాడు. విశాఖ ఏజెన్సీలోనూ, 1936 దాకా మన మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న కోరాపుట్ కొండల్లోనూ ఇదే గోతి. గోపీనాథ మహంతి 1945లో ఒడియాలో రాసిన 'పరజా' నవలలో సుక్రు జానీ కుటుంబం ఇలాగే నాశనమవుతుంది. అక్కడ మొదలు అడవి చెట్లు నరికినందుకు వేసిన జరిమానా.

మనవాళ్లు తల వంచుకుని ఊరుకోలేదు. గూడెం రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి బలవంతపు చాకిరీ చేయించడం 1922లో అల్లూరి సీతారామరాజు వెనక మన్యం లేవడానికి ఒక కారణం. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. కాగితం మీద రద్దయినా వెట్టి పోలేదు. వెట్టి వద్దు, కూలి పెంచండి, భూములు తిరిగివ్వండి అని మన జిల్లా గిరిజనులు సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తుంటే లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు.

సముద్రం అవతల కూడా ఇదే కథ. బ్రిటిష్‌వాళ్లు తమ వలసల్లో బానిసత్వం రద్దు చేశాక మారిషస్ చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నవంబరు 2న అట్లాస్ ఓడలో దిగిన మొదటి 36 మందీ ఛోటా నాగపూర్ వైపు నుంచి వచ్చిన కొండవాళ్లే. ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లారు. తర్వాత మన ఉత్తరాంధ్ర వాళ్లూ ఎందరో వెళ్లారు. కూలీలు దిగిన రేవును ఆప్రవాసీ ఘాట్ పేరుతో అక్కడ కాపాడుకుంటున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తాతలు కూలీలని చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

మన దగ్గర ఆ సిగ్గే అడ్డం. ఆ పిల్ల ఇంటికెళ్లి అవ్వనడిగితే, "అదెందుకే ఇప్పుడు, నలుగురూ నవ్వడానికా" అని కసిరిందట. పండుగకు మేము వాళ్లూరు వెళ్లి పక్కన కూర్చుంటే అప్పుడు చెప్పింది. "పెళ్లికి తెచ్చిన బాకీ అమ్మా. ఎంతో నాకేటి తెలుసు? అడిగితే ఇంకా ఉందనీవోడు."

ఆ మాట మాకు కొత్త కాదు. ఒక ఏడాది దసరా తర్వాత మా హాస్టల్లో ఇద్దరు పిల్లలు తిరిగి రాలేదు. అమ్మానాన్నలు అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీకి వెళ్తూ వాళ్లనీ తీసుకెళ్లారు. వేసవిలో తిరిగొచ్చాక లెక్క తేలిందా అని అడిగాం. "ఇంకా బాకీ ఉందట మేడమ్" అన్నారు. అవ్వ కాలంలో షావుకారి పద్దు, ఇప్పుడు మేస్త్రీ జేబులో చిన్న నోటుబుక్కు. పేరు మారింది, లెక్క మారలేదు.

కానీ ఇప్పుడు మీకు చదువుంది, చట్టముంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం అలాంటి అప్పు కట్టనక్కర్లేదు. బలవంతంగా చేయిస్తే మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవలసింది అప్పిచ్చినవాడే. కనీస వేతనం కంటే తక్కువకు చేయించడం కూడా వెట్టేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు కలెక్టరుకో, ఆర్డీఓకో ఇవ్వవచ్చు.

మిమ్మల్ని రెండే అడుగుతున్నాం. ఇంట్లో ఎవరైనా అడ్వాన్సు తీసుకుంటే ఎంత తీసుకున్నారు, రోజుకు కూలి ఎంత, ఎన్ని రోజులు పని చేశారు అన్నది మీ చేత్తో రాసిపెట్టండి. రెండోది, ఈ పండుగకు వెళ్లినప్పుడు అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చుని గోతి గురించి అడగండి. కసిరితే మళ్లీ వెళ్లండి. ఊరి పేరు, ఎందుకు చేసిన బాకీ, ఎన్నేళ్లు, ఎలా బయటపడ్డారు, అన్నీ రాయండి.

మా హాస్టల్లో ఆ పిల్ల ఒక నోటుబుక్కు మొదలుపెట్టింది. ఇప్పటికి నాలుగు ఇళ్ల కథలున్నాయి. మన గోతి మ్యూజియం ప్రస్తుతానికి ఆ నోటుబుక్కే. మీరు రాసినవీ తెచ్చివ్వండి, అందులో కలుపుతాం.