వలిసె తేనె పేరుకుంటే కల్తీ కాదు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్తీకం దాటేసరికి మన అరకు కొండవాలులన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటాయి. మైదానం నుంచి జనం కార్లేసుకొచ్చి ఫొటోలు దిగిపోతారు. ఆ పువ్వు తేనెకో గుణం ఉందని వాళ్ళకి తెలీదు, పోనీ. మన దగ్గర కొనే వ్యాపారికీ తెలీదు, లేదా తెలిసీ తెలీనట్టుంటాడు.

పోయిన చలికాలం మేము తీసిన వలిసె తేనె నెల తిరక్కుండానే డబ్బాలో నెయ్యిలా పేరుకుంది. కొనడానికొచ్చినాయన మూత తీసి చూసి, పంచదార కలిపారని ధర సగానికి కోసేశాడు. ఇంట్లో డబ్బు అవసరం. నోరు మూసుకుని ఇచ్చేశాం. ఆ తప్పు ఇంకెవరూ చెయ్యకూడదనే ఈ నాలుగు మాటలు.

తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలుంటాయి: గ్లూకోజు, ఫ్రక్టోజు. గ్లూకోజు పాలు ఎక్కువైన తేనె త్వరగా పేరుకుంటుంది. వలిసె తేనె, పొద్దుతిరుగుడు తేనె ఆ జాతివే. 14 డిగ్రీల దగ్గర చలి దానికి బాగా అనువు. మన కొండ చలి సరిగ్గా అదే. పేరుకున్న డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో పెడితే మళ్ళీ కరుగుతుంది. పొయ్యి మీద మాత్రం కాచొద్దు, గుణం పోతుంది. గ్లాసు నీళ్ళలో వేసి చూసే పరీక్షతో కల్తీ తేలదు, లాబొరేటరీలోనే తేలుతుంది.

మన వంతు కూడా ఉంది. ఈగలు మైనంతో మూత వేసిన అరల నుంచే తేనె తియ్యాలి. పచ్చి తేనె తీస్తే తేమ ఎక్కువై పులుస్తుంది. చట్టప్రకారం తేమ 20 శాతం దాటకూడదు.

ఈగ ఇచ్చేది తేనె ఒక్కటే కాదు. వలిసె పువ్వుకి సొంత మొక్క పుప్పొడి తగిలితే గింజ దాదాపు కట్టదు. వేరే మొక్క పుప్పొడి మోసుకు రావాల్సింది ఈగే. అందుకే పూత మీద మందు కొట్టొద్దు. పక్క మడిలో కూరగాయలకి కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరాక, పొద్దు కుంకే వేళ కొట్టండి. చేలో బంగారు తీగ కనిపిస్తే అది గింజ పట్టకముందే పీకి తగలెయ్యండి. వలిసె చేను పోతే తేనే పోతుంది.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సినవి. వలిసెలకి 2025–26లో మద్దతు ధర క్వింటాకి 9,537 రూపాయలని కేంద్రం ప్రకటించింది. కాగితం మీద ధర మన కడుపు నింపదు, సంతలోనే కొనుగోలు కేంద్రం పెట్టాలి. తేనె కొనే చోట పరీక్ష ఉండాలి, ఫలితం కాగితం మీద రాసి మన చేతికివ్వాలి. కంటితో చూసి కల్తీ అనే మాట ఇకమీదట ఒప్పుకోం.

ఈసారి ఒక్కొక్కరం విడిగా అమ్మొద్దు. ఊరి తేనంతా ఒక్కచోట చేర్చి, డబ్బా మీద 'వలిసె తేనె, పేరుకోవడం దీని గుణం' అని మనమే రాద్దాం. ధర మాట అందరం కలిసి కూర్చునే మాట్లాడదాం.