లక్ష్మాగౌడ్ గారి కాగితాల మీద మేకలు

 

పోయిన నెల మలక్‌పేటలో మా హాస్టల్ హాలు గోడ మీద ప్రొజెక్టరుతో కొన్ని బొమ్మలు చూపించాను. అవి లక్ష్మాగౌడ్ గారివి. ఆయన 1940లో ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాదులో బొమ్మలు నేర్చుకుని, 1963లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. 2016లో పద్మశ్రీ ఇచ్చారు. కాగితం మీద పెన్సిల్, సిరా, ఎచింగ్ పనులు ఆయనకు పెద్ద పేరు తెచ్చాయి.

ఎచింగ్ అర్థం కావాలంటే మన పచ్చబొట్టును తలుచుకోండి. రాగి లేదా జింకు రేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. యాసిడ్‌లో పెడితే, పూత పోయిన చోట మాత్రమే రేకును తినేస్తుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో ఒత్తుతారు. మా యాడి చేతి మీద కూడా అంతే: సూది, గాయం, సిరా. బి.ఇడి. రోజుల్లో నా పచ్చబొట్టు కనబడకుండా దాని మీద వాచీ కట్టేదాన్ని. సరే, అది వేరే కథ.

ఆయన బొమ్మల్లో మళ్లీ మళ్లీ మేకలు వస్తాయి, చెట్లు వస్తాయి, తలపాగా మగవాళ్లు, నగల ఆడవాళ్లు వస్తారు. కొన్నిటిలో మనిషి ఎక్కడ అయిపోయాడో, చెట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. అందుకే ఆయన్ని సర్రియలిజంతో కలిపి చెబుతారు. 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెటన్ ఒక ప్రకటన రాసి, కలనూ మెలకువనూ ఒకటి చేయాలన్నాడు. లక్ష్మాగౌడ్ గారి కల మాత్రం మన పల్లెది. సిగ్గెరగని బొమ్మలూ చాలా ఉన్నాయి. అవి చూపించలేదు, వార్డెన్ని కదా!

"ఇన్ని మేకలు ఎందుకు గీసిండు మేడం?" అని ఒక ఇంటర్ పిల్ల అడిగింది. చిన్నప్పటి నుంచి చూసినవే కదా అన్నాను. ఒంట్లోని కోరికకూ బలానికీ మేకను గుర్తుగా చెబుతారని కూడా అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు.

రాత్రి ఆఫీసు రూముకు వచ్చింది. "నా కోచింగ్ ఫీజుకు మా బాపు ఆరు మేకలు అమ్మిండు మేడం. కలల నా మంచం చుట్టూ నిలబడతయ్. అరవయ్, ఊకనే చూస్తయ్." మేకలు కాసే పిల్ల అని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదట.

కాగితం, పెన్సిల్ ఇచ్చాను. అక్కడే కూర్చుని ఐదు గీసింది.

"ఆరోది యాదికి వస్తలేదు మేడం" అని ఏడ్చింది.

మీ బాపును అడుగు అని నా ఫోన్ ఇచ్చాను. అరగంట మాట్లాడింది. ఆరోదానికి ఒక చెవి చీలి ఉండేదట.