సిమ్ కార్డుల కంపెనీ మెమొరీ చిప్పుల కంపెనీని కొంది.. ఎందుకు?

ఈరోజు ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు. ఫోన్ లోపల ఉండే మెమొరీ చిప్ గురించి, దాని మీద డబ్బులు పెట్టేవాళ్ల గురించి మాట్లాడుకుందాం.

2012 ఫిబ్రవరి. దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికామ్ అని ఒక కంపెనీ. మనకి జియో, ఎయిర్‌టెల్ ఎలాగో వాళ్లకి అది అలాగ. నెల తిరిగేసరికి బిల్లు డబ్బులు వచ్చి పడే హాయైన వ్యాపారం. ఆ కంపెనీ వెళ్లి హైనిక్స్ అనే మెమొరీ కంపెనీలో దాదాపు 21 శాతం వాటా కొంది. పెట్టింది సుమారు 3.4 లక్షల కోట్ల వోన్. ఈ హైనిక్స్ ఎవరో కాదు, పాత హ్యుండయ్ ఎలక్ట్రానిక్సే. అప్పుల్లో మునిగి, పదేళ్ల పాటు అప్పులిచ్చిన బ్యాంకుల చేతిలో ఉండిపోయింది. సరిగ్గా అదే నెలలో జపాన్ మెమొరీ కంపెనీ ఎల్పిడా దివాలా తీసింది. ఇంకోలా చెప్పాలంటే, పక్కింటి షాపు మూతపడుతుంటే వీళ్లు అదే వ్యాపారంలోకి దిగారన్నమాట.

మెమొరీ వ్యాపారం ఎందుకంత ప్రమాదమో చెప్తాను. మీ ఫోన్‌లో ర్యామ్ ఏ కంపెనీదో మీకు తెలుసా? చాలామందికి తెలీదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఎందుకంటే అందరూ ఒకే స్టాండర్డ్ ప్రకారం చేస్తారు. శాంసంగ్ చిప్ దొరక్కపోతే మైక్రాన్ చిప్ పెట్టొచ్చు. అలాంటప్పుడు ఇక పోటీ అంతా రేటు మీదే.

గుంటూరు మిర్చి గుర్తు తెచ్చుకోండి. ఒక ఏడాది రేటు బాగుంటే వచ్చే ఏడాది అందరూ మిర్చే వేస్తారు, యార్డు నిండిపోతుంది, రేటు పడిపోతుంది. మెమొరీ కూడా అంతే. కాకపోతే ఇక్కడ పంట చేతికి రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఒక్కో ఫ్యాక్టరీకి వేల కోట్ల డాలర్లు దాకా కావాలి. రేటు పడిందని మధ్యలో ఆపేసే వీలు పెద్దగా ఉండదు. అలా ఒక్కొక్కరూ రాలిపోయి, ఇప్పుడు ప్రపంచంలో డీ-ర్యామ్ ఎక్కువ భాగం ముగ్గురి చేతిలోనే ఉంది: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఆ ఎల్పిడాని కూడా 2013లో మైక్రానే కొనేసింది.

ఇదే ఫోన్ రంగంలో క్వాల్కమ్ సంగతి వేరు. చిప్పులు అమ్ముకోవడమే కాదు, వైర్‌లెస్ పేటెంట్ల మీద రాయల్టీ కూడా వస్తుంది. వాళ్ల చిప్ లేని ఫోన్ నుంచి కూడా వస్తుంది. కాబట్టి "మొబైల్ సెక్టార్ బాగుంది బ్రో" అని ఎవరైనా అంటే, ఏ ముక్క గురించి అంటున్నాడో అడగండి.

ఇప్పుడు అసలు మజా. 2023లో ఫోన్లూ కంప్యూటర్లూ సరిగ్గా అమ్ముడుపోక ఎస్‌కే హైనిక్స్‌కి 7.73 లక్షల కోట్ల వోన్ ఆపరేటింగ్ నష్టం. 2024లో? 23.47 లక్షల కోట్ల వోన్ లాభం! ఏడాదిలో అంత తేడా రావడానికి రేట్లు కోలుకోవడం ఒక కారణం, హెచ్‌బీఎం ఇంకో కారణం. హెచ్‌బీఎం అంటే మెమొరీ చిప్పులని అంతస్తుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి, ఏఐ ప్రాసెసర్ పక్కన పెట్టడం. మైక్రాన్ చెప్పిన లెక్క ప్రకారం, మామూలు డీడీఆర్5తో పోలిస్తే అంతే మెమొరీకి దీనికి దాదాపు మూడు రెట్లు వేఫర్ ఖర్చవుతుంది. పొలం అదే, పంట మారింది. 2025 చివరికి ఫోన్లకి వెళ్లే మెమొరీకే కటకట మొదలైంది. మైక్రాన్ అయితే మనలాంటివాళ్లకి ర్యామ్ అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటానని ప్రకటించింది.

ఇక్కడే మా పిన్ని కొడుకు ఎంటర్ అయ్యాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పర్సనల్ లోన్ తీసుకుని యూఎస్ స్టాక్స్ యాప్‌లో మెమొరీ షేర్లు కొంటాడట. "అన్నా, పీఈ ఎంత తక్కువుందో చూడు, చీప్‌గా దొరుకుతోంది" అన్నాడు.

ఒరేయ్, అదే కదా ఉచ్చు! పీఈ అంటే షేర్ రేటుని లాభంతో భాగించడం. ఇలాంటి వ్యాపారంలో లాభం శిఖరం మీద ఉన్నప్పుడే పీఈ బాగా చిన్నగా కనిపిస్తుంది. నష్టాల్లో ఉన్నప్పుడు అసలు పీఈయే ఉండదు. ఎస్‌కే టెలికామ్ కొన్నది అలా ఎవరూ మొహం చూడని రోజుల్లో. తర్వాత కూడా బాగానే ఓపిక పట్టింది. నీకు ఈఎంఐ వచ్చే నెల అయిదో తారీఖునే కదా? పైగా విదేశీ షేర్లకి పంపే డబ్బుకి బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధనే ఉంది.

"ఈసారి వేరే అన్నా, ఏఐ ఉంది" అన్నాడు. ఉండొచ్చు, కాదనను. కానీ ముగ్గురూ కొత్త ఫ్యాక్టరీలు కడుతూనే ఉన్నారు.

ఇంకో చిన్న మాట. ఇదంతా విని ఎవరైనా ఎస్‌కే టెలికామ్ షేర్ కొందామనుకుంటే ఆగండి. 2021 నవంబర్‌లో ఆ కంపెనీ రెండుగా విడిపోయింది. హైనిక్స్ వాటా ఎస్‌కే స్క్వేర్ అనే కొత్త కంపెనీకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఎస్‌కే టెలికామ్ కొంటే ఆ వాటా రాదు. మన దగ్గర కూడా పేరులో సెమీ అని ఉంటే చాలు, ఎగబడుతున్నారు. మైక్రాన్‌కి హైదరాబాద్‌లో ఆఫీసుంది, గుజరాత్ సానంద్‌లో ప్యాకేజింగ్, టెస్టింగ్ ప్లాంటుంది. కానీ డీ-ర్యామ్ తయారుచేసే ఇండియన్ లిస్టెడ్ కంపెనీ ఒక్కటీ లేదు. కొనేముందు యాన్యువల్ రిపోర్ట్ తెరిచి, డబ్బులు దేని మీద వస్తున్నాయో చూడండి, పది నిమిషాల పని.

మావాడు లోన్ అప్లికేషన్ ఇంకా క్యాన్సిల్ చెయ్యలేదు. ఈ వీడియో చూస్తావని తెలుసురా, రాత్రికి ఫోన్ చెయ్యి. మిగతావాళ్లని వచ్చే ఎపిసోడ్‌లో కలుస్తాను, బై.